మూడో వేలు

"చేపల పులుసు ముట్టవా?" లాప్‌టాప్ మీంచి కళ్లు తీయకుండానే అడిగింది సుజన.

భర్త వీరభద్రం తల అడ్డంగా ఊపి, టీ స్పూన్‌తో పెరుగన్నం తింటున్నాడు. గుట్కా మానమని ఆమె గొడవపడి రెండు నెలలైంది. అప్పటి నుంచి అతనికి మాటల్లేవు, ఆమె వండిన కూర కూడా వద్దు.

"అలిగినోళ్లను బతిమాలే ఓపిక నాకు లేదు. ఈ పూట ఇంకా నలభై రిపోర్టులున్నయి."

పాల్వంచలో ఇంట్లోనే కూర్చుని అమెరికా దవాఖానాల రిపోర్టులు చదివి, ఒక్కో రోగానికి కోడ్ వేయడం ఆమె ఉద్యోగం. పేర్లు కనిపించవు. వయసు, రోగం, అంతే. ఈ వారమంతా నోటి కేసులే. తిత్తులు, పుండ్లు, తెల్లమచ్చలు.

తర్వాతి రిపోర్టు తెరిచింది. 'వక్క నమిలే అలవాటు. కారం తగిలితే మంట. నోరు రెండు వేళ్ల కన్నా తెరుచుకోదు. మాట్లాడటం బాగా తగ్గింది.'

గుట్కాలోనూ ఉండే వక్క వల్ల నోరు బిగుసుకుపోయే రోగమని కోడ్ చూడకుండానే ఆమెకు తెలుసు. టైప్ చేయబోయిన చేయి ఆగిపోయింది. టీ స్పూన్ వైపు చూసింది.

"ఇగో, నోరు తెరువు."

"ఎందుకు?"

"తెరువు జర."

తెరిచాడు. పళ్ల మధ్య, మామూలుగా ఎవరికైనా పట్టాల్సిన మూడు వేళ్లు నిలువుగా పెట్టబోయింది. రెండే పట్టాయి.

"ఎన్ని రోజుల సంది గిట్ల?"

"గొడవ కంటే ముందు నుంచే."

"మరి చెప్పవేంది?"

అతను స్పూన్ కింద పెట్టాడు.

"రోజంతా నోళ్ల గురించే చదువుతుంటవు. ఒక్కసారన్న నా మొకం దిక్కు చూస్తవనుకున్న."