నల్ల గొడుగు

"సాయంత్రం ఇంటికొస్తాను. ఏదో ఒకటి తేల్చేసుకుందాం," అంది భార్య ఫోన్లో.

అలిగి పుట్టింటికి వెళ్ళాక ఆమె తనంతట తాను ఫోన్ చెయ్యడం ఇదే మొదలు. ఫొటోగ్రాఫర్ ఫోన్ చెవికి ఇంకాస్త ఆనించుకున్నాడు.

"పాత మార్కెట్ ఎదురుగా హోటల్ వాళ్ళ పనుంది. అవగానే పరిగెత్తుకొస్తా," అన్నాడు.

"మీ పని సంగతి నాకు తెలీదా? పెళ్ళయినప్పట్నుంచీ నాతో మీరన్న మాటల్లో సగం 'కదలకు' అన్నదే."

నవ్విందో, నిష్ఠూరమాడిందో తెలిసేలోపే ఫోన్ పెట్టేసింది. ఆమె అన్నది నిజమే. కొత్త లెన్స్ కొన్నప్పుడల్లా వెలుతురు సరిచూసుకోడానికి ఆమెనే నిలబెట్టేవాడు. ఈ సాయంత్రం మాత్రం ఆ మాట పొరపాటున కూడా అనకూడదని గట్టిగా అనుకున్నాడు.

హోటల్ మేడ మీద మేనేజర్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఎదురుగా ఉన్న మార్కెట్ భవనం ఫొటో ఆయన హోటల్ గోడకి కావాలి. అందులో మనిషన్నవాడు కనిపించకూడదు. రేపట్నుంచి మరమ్మతులు. భవనం చుట్టూ పరంజా కట్టేస్తారు.

"పట్టపగలు ఇంత జనముంటే ఎలా తీస్తారండీ?"

"కెమెరా ఆటో మోడ్‌లో కుదరదు సార్. మాన్యువల్లో అవుతుంది."

లోపలికెళ్ళే వెలుతురు తగ్గించడానికి లెన్స్‌కి నల్ల ఫిల్టర్ బిగించాడు. అపర్చర్ సన్నం చేశాడు. ఐఎస్ఓ అట్టడుగుకి దించాడు. ఇక షట్టర్ నాలుగైదు నిమిషాలు తెరిచి ఉంచితేగానీ ఎక్స్‌పోజర్ సరిపోదు. అంతసేపట్లో నడిచివెళ్ళే వాళ్ళెవరూ ఫొటోలో పడరు. ఆగినవాళ్ళే మిగులుతారు.

మొదటి ఫొటో చూసి ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఎక్స్‌పోజర్ అతికినట్టు కుదిరింది. వీధి ఖాళీ. కానీ మార్కెట్ గేటు పక్కన ఒక నల్ల గొడుగు నిక్షేపంగా పడింది.

ఎండకి కళ్ళు చిట్లించి చూశాడు. ఆ దూరానికి గొడుగు తప్ప ఇంకేమీ ఆనలేదు.

"ఎవరో దువ్వెనలమ్ముకునే మనిషై ఉంటాడు," అన్నాడు మేనేజర్. "కాసేపట్లో పోతాడులెండి."

పోలేదు. రెండో ఫొటోలోనూ గొడుగే. మూడో దాంట్లోనూ అదే. ఎండ వాలుతోంది. వెలుతురు తగ్గినకొద్దీ షట్టర్ ఎంతసేపు తెరవాలన్న లెక్క మళ్ళీ మొదటికొస్తోంది. ఇలాగైతే సాయంత్రానికి ఇల్లు చేరినట్టే. ఈసారి కూడా ఆలస్యమైతే ఆమె ఇక గడప తొక్కదు.

"ఏం మనిషండీ, రాయిలా," అని పళ్ళు నూరాడు. "మీ వాచ్‌మన్‌ని పంపించండి. నాకు అడ్డం తప్పుకుని తన దారి తను చూసుకోమనండి."

వాచ్‌మన్ వెళ్ళొచ్చాడు.

"మీరు చెప్పమన్నట్టే చెప్పాను సార్. ఎవరన్నారని అడిగారు. ఫొటోగ్రాఫర్‌గారేనన్నాను. అది వినగానే వెళ్ళిపోయారు."

నాలుగో ఫొటో మేనేజర్ కోరినట్టే వచ్చింది. ఆయన చేతులు పట్టుకుని ఊపేశాడు.

పొద్దుగూకకముందే ఫొటోగ్రాఫర్ ఇల్లు చేరాడు. కుర్చీలో ఉన్న లెన్స్ డబ్బాలన్నీ తీసేసి ఆమె కూర్చోడానికి చోటు చేశాడు. టీకి నీళ్ళు పెట్టాడు. అవి మరిగి మరిగి ఇగిరిపోయాయి. మళ్ళీ పెట్టాడు. వీధి దీపాలు వెలిగాయి. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

మాటిచ్చి రాకపోవడమేమిటని కోపం వచ్చింది. ఆ వెనకే దిగులూ వచ్చింది. చేతులు ఊరుకోక కంప్యూటర్ తెరిచాడు. పనికిరాని మూడు ఫొటోలూ చెరిపెయ్యబోతూ, అంత కదలకుండా నిలబడ్డ మహానుభావుడెవరో చూద్దామని మొదటిదాన్ని పెద్దది చేశాడు.

గొడుగు కింద, కెమెరా వైపే ముఖమెత్తి, ఇసుమంతైనా చెదరకుండా నిలబడి ఉంది అతని భార్య.