నలభై సెకన్లు

"సర్వర్ల మీద ఎంత లోడు పడుతోందో సెకనుకో లెక్క ఎవడడిగాడు? గంటకో సగటు ఉంచి మిగతాదంతా చెరిపెయ్," అన్నాడు అంబులెన్స్ కేంద్రం మేనేజరు.

"చెరపను సార్," అంది సర్వర్లు చూసుకునే అమ్మాయి.

"డిస్కు నిండిపోతోంది!"

"ఇక నిండదు. కొత్త డేటాబేస్‌లోకి మార్చేశాను. చోటు చాలకపోతే ఇంకో మెషీన్ తగిలిస్తే సరి."

"ఎవర్నడిగి మార్చావ్?"

అమ్మాయి గుమ్మం వైపు తిరిగింది. అక్కడ టెలిఫోన్ ఆపరేటరు నిలబడి ఉంది, చేతిలో క్షమాపణ పత్రంతో. సోమవారం ఆమె ఫోన్ ఎత్తకపోవడం వల్లే ఒకాయన ప్రాణం పోయిందని అందరూ నమ్మారు. ఆమె కూడా నమ్మింది.

"ఇలా రా అక్కా, ఇది చూడు."

"ఏముంది చూడ్డానికి? సోమవారం ఆ ఫోన్ చేసిన గంటలో సర్వర్ మీద లోడు సగటున ముప్పై శాతమే," మేనేజరు గొంతు పెంచాడు.

"సగటున అందరం బతికే ఉన్నాం సార్."

అమ్మాయి స్క్రీన్ తిప్పింది. ఆ ఫోన్ చేసిన సమయానికే, పది గంటల పద్నాలుగు నిమిషాల దగ్గర, లోడు గీత నిట్టనిలువుగా లేచింది.

"ఇక్కడ నలభై సెకన్లు సర్వర్ ఊపిరాడక ఒక్క కాల్ కూడా లోపలికి పంపలేదు."

ఆపరేటరు ఆ గీతను వేలితో తాకింది.

"అయితే నా ఫోన్ మోగనే లేదా?"

"లేదక్కా."

ఆమె క్షమాపణ పత్రాన్ని తిరగేసి, ఖాళీ వైపు పైకి వచ్చేలా మేనేజరు ముందు పెట్టింది. పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చింది.