మాణిక్యమ్మ గుమ్మంలో బురద

వరిచేల మధ్య, ఒక గట్టు మీద పీతల కాలనీ ఉండేది. పొద్దున్నే ప్రతి పీతా తన బొరియ శుభ్రం చేసుకుని, తీసిన బురదను పక్కింటి గుమ్మంలోకి నెట్టేసేది. పీత నడకే పక్కకి కదా, బురదా పక్కకే పోయేది. సంఘం సమావేశంలో మాత్రం అందరిదీ ఒకటే గోల: "వానలొస్తున్నాయి. మా గుమ్మాల నిండా బురద. నీళ్లు ఇళ్లలోకొస్తే ఎవరిది పూచీ?"

అధ్యక్షురాలు మాణిక్యమ్మ పొట్ట కింద పసిపిల్లలున్నారు. ఇంక వినే ఓపిక ఆవిడకు లేదు. మర్నాడు తన బురదను తన గుమ్మం చుట్టూనే పేర్చి, డెక్కలతో మెత్తి గోడ కట్టేసింది.

"అధ్యక్షురాలి వాకిట్లో బురదగుట్టా! పరువు పోయింది వదినా," అంది పక్కింటి ఆదెమ్మ.

"నా బురద నా వాకిట్లో ఉంటే పరువెందుకు పోతుందే? నీ వాకిట్లో పోసినన్నాళ్లూ పోయింది గానీ."

వాన రానే వచ్చింది. నీళ్లు అందరి బొరియల్లోకీ దూరి, మాణిక్యమ్మ గోడ దగ్గర ఆగిపోయాయి. పిల్లల్ని పొట్టకు కరుచుకుని అందరికన్నా ముందు ఆదెమ్మే పరుగెత్తుకొచ్చింది.

"రా లోపలికి. అన్ని కాళ్లూ తుడుచుకుని మరీ రా," అంది మాణిక్యమ్మ.

వాన వెలిశాక ప్రతి గుమ్మానికీ ఒక గోడ లేచింది. అటుగా గెంతుతూ పోతున్న కప్ప ఆగి నోరు తెరిచింది.

"ఏమమ్మా, ఇన్ని కోటలు! మట్టి ఏ ఊరి నుంచి తెప్పించారు?"

మాణిక్యమ్మ రెండు డెక్కలూ పైకెత్తింది.

"తెప్పించడమేంటి? ఎవరింటి బురద వాళ్లదే!"