జానెడు సమాధి

"అప్పట్లో ఈ ఇంటి తలుపు నీలం కాదు బాబూ. ఆకుపచ్చ."

గుంపు వెనకనుంచి వచ్చిన ఆ మాటకు వ్లాహో ఎత్తిన ఎర్ర గొడుగు గాల్లోనే ఆగిపోయింది.

దుబ్రోవ్నిక్ కోటలోపలి పాత ఊరంతా అతను రోజూ యాత్రికులను తిప్పుతాడు. గొడుగెత్తి ముందు నడుస్తూ యుద్ధం కథలు చెబుతాడు. ఇన్నేళ్లలో అతని కథకు అడ్డుపడ్డ మొనగాడు లేడు.

"నీకెలా తెలుసు పెద్దాయనా?"

"చూశాను."

బూడిదరంగు కోటు వేసుకున్న ముసలాయన. కుడిచెయ్యి జేబులోంచి తియ్యడంలేదు. యాస వినగానే వ్లాహోకు ఒళ్లు మండింది. అది కొండ అవతలి ట్రెబిన్యే యాస. యుద్ధంలో ఫిరంగులు వచ్చింది అటునుంచే.

"ఎక్కణ్ణుంచి చూశావేం? కొండెక్కి, ఫిరంగి గొట్టంలోంచా?"

యాత్రికులు నవ్వారు. డబ్బిచ్చి వచ్చినవాళ్లు నవ్వడానికెప్పుడూ సిద్ధమే.

వ్లాహో కథ మళ్లీ అందుకున్నాడు.

"సెయింట్ నికోలస్ పండగ పొద్దున. పిల్లలు కిటికీలో పెట్టిన బూట్లలో మిఠాయిలు వెతుక్కుంటున్నారు. కొండమీంచి ఫిరంగి గుళ్లు కురిశాయి. రొట్టె కోసం వెళ్లినామె సగం ఈ మెట్లమీద, సగం ఆ గోడమీద. మూలింట్లో అన్నదమ్ములు బొగ్గయిపోయారు."

యాత్రికులు గోడలు తడిమి చూశారు.

"ఈ ఇంటి కప్పు చీల్చుకుని ఒక గుండు పడింది. పేలలేదు. లోపల అయిదేళ్ల పిల్లాడి కాలు దూలం కింద ఇరుక్కుపోయింది. కాలి పక్కనే గుండు. తల్లి వీధిలో గుండెలు బాదుకుంటోంది. ఒక్క మగాడు కదిలితే ఒట్టు. అప్పుడు దారిన పోయేవాడెవడో లోపలికి దూరాడు."

"ఎవరు?" ఒకామె అడిగింది.

"తెలీదు. మొహమంతా మసి. దూలం లేపి పిల్లాణ్ణి ఇవతలికి నెట్టాడు. గుండును పసిబిడ్డలా పొదివి పట్టుకుని రేవుదాకా పరిగెత్తి సముద్రంలోకి విసిరాడు. నీళ్లను తాకగానే పేలింది."

"ఆయన?"

"సముద్రం పట్టుకుపోయింది. రేవుమీద దొరికిందేదో తెచ్చి బోనినోవో శ్మశానంలో పూడ్చాం. జానెడు సమాధి. ఏటా నవంబరులో సమాధుల పండక్కి చామంతులు పెట్టి దీపం వెలిగిస్తాం."

దొరికిందేమిటో మాత్రం చెప్పడు. ఊళ్లో చావులన్నీ అమ్ముకునే మనిషి, అదొక్కటి అమ్మడు.

"పిల్లాడో? బతికాడా?" ముసలాయన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"తప్పించుకున్నాడేమోనని బెంగా? ఆగవయ్యా, చివర్లో చెప్తా."

చివరి మజిలీ చర్చి మెట్లు. వందల ఏళ్ల అడుగులకు అరిగిన రాళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. వ్లాహో పైమెట్టు ఎక్కి ప్యాంటు కాలు పైకి లాగాడు. పిక్కమీద పొడుగాటి మచ్చ.

"ఆ పిల్లాణ్ణి నేనే."

చప్పట్లు మోగాయి.

"ఆయనే బతికుంటే ఆ చెయ్యి కళ్లకద్దుకునేవాణ్ణి." ఈ మాట మాత్రం నటన కాదు. "ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఏ రోజూ ఎవరూ ఎత్తరు. 'అందుకే నేను చెప్పాల్సి వస్తోంది' అని కథ ముగించడం అతని అలవాటు.

ఇవాళ ఒక చెయ్యి లేచింది.

ఎండ కళ్లలో కొడుతోంది. టోపీల మీదుగా అతనికి మూడు వేళ్లే కనిపించాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు.

ఆ మూడు వేళ్లకు ఈ ఊళ్లో ఒకటే అర్థం. ఫిరంగులు పేల్చినవాళ్ల సలాం అది. ఊళ్లు తగలబెట్టి, ట్యాంకులెక్కి అలాగే చూపించేవాళ్లు.

వ్లాహో ఒక్క దూకు దూకాడు. గొడుగు ముసలాయన మొహాన విరిగింది. ముక్కు చిట్లింది.

"నా కథ విని, నా ఊళ్లో, నా ముందే సలాం కొడతావురా!"

"నువ్వేనా బాబూ... నువ్వేనా..."

నెత్తురు నోట్లోకి కారుతున్నా ముసలాయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వుకు వ్లాహోకు పిచ్చెక్కింది.

"నవ్వుతున్నాడు చూడు పేరో!"

మెట్ల కింది హోటల్లో వడ్డించే పేరో పళ్లెం పారేసి పరిగెత్తుకొచ్చాడు. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. ఎత్తి ఉన్న మూడు వేళ్లు చూశాడు, డొక్కలో ఎగిరి తన్నాడు.

నున్నటి రాతిమీద ముసలాయన కాళ్లు జారిపోయాయి. మెట్టు అంచుకు తల తగిలిన చప్పుడు పావురాలను లేపింది. కొందరు కెవ్వుమన్నారు, కొందరు ఫోన్లు ఎత్తారు.

వ్లాహోకు కసి తీరలేదు. రొమ్ముమీద మోకాలు ఆనించి ఆ కుడిచెయ్యి లాగి పట్టుకున్నాడు.

"ఈ మూడూ విరిచేస్తా. ఇంక చచ్చేదాకా ఎత్తవు!"

ముసలాయన పెదాలు కదిలాయి.

"కాలు... ఇంకా నొప్పెడుతోందా?"

ఆ తర్వాత పెదాలు కదలలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

విరవడానికి పట్టు దొరక్క, ముడుచుకున్న మిగతా వేళ్లను విప్పబోయాడు వ్లాహో. విప్పడానికి అక్కడ వేళ్లు లేవు. ఉంగరం వేలూ చిటికెనవేలూ మొదలంటా తెగిపోయి, ఎప్పటిదో పాత మచ్చ తేలి ఉంది.

"పేరో... డాక్టర్ని పిలవరా... డాక్టర్ని!"

ఇన్నేళ్లుగా ప్రతి నవంబరులోనూ బోనినోవోలో వ్లాహో దీపం పెడుతున్న ఆ జానెడు సమాధిలో ఉన్నవి, రేవుమీద దొరికిన రెండు వేళ్లు.