సీనుకు తెచ్చిన చెత్త

“హీరోల చేతుల నలభైసార్లు చచ్చినోన్ని. నన్ను షేరింగుల కుక్కుతవా?”

రహమత్ నగర్ మలుపులో పోచయ్య ఆటో ఎక్కి, చంకలో తెల్లపంచె మూటతో వెనకసీటంతా ఆక్రమించుకున్నాడు.

ఫిల్మ్ నగర్‌లో షూటింగుంది. గుంపులో నిలబడే పనే. అయినా తాత దర్జా తాతదే.

ఆటో నడిపే శ్రీకాంత్ నవ్వాడు. నాట్లకని ఊరికి పోయి, నెల తర్వాత నిన్ననే తిరిగొచ్చాడు.

“ముందుగాల ఎల్లమ్మ బండి కాడ ఆపుత, తాతా. ఆమె ఇడ్లీ తినక నోరు చచ్చిపోయింది.”

పోచయ్య సీటు అంచుకు జరిగి ముందుకు వంగాడు.

“నువ్వు లేనప్పుడు ఎల్లమ్మ కాడ ఏమైందో ఎర్కనా?”

తాత కథ మొదలుపెడితే చెక్‌పోస్టు సిగ్నలు కూడా ఎర్రగా నిలబడి వింటుంది.

ఫిల్మ్ నగర్ ఎక్కే దారిలో ఆ మలుపు ఒకప్పుడు జూబ్లీహిల్స్ అంతటికీ చెత్తకుండీ. కారు అద్దం దిగేది, సంచి పడేది, అద్దం లేచేది. ఏసీ గాలి బయటికి పోకూడదు కదా.

అక్కడ ఇడ్లీబండి పెట్టుకున్న ఎల్లమ్మ, పడ్డ సంచిని పడ్డట్టే ఎత్తి మళ్లీ కారులోకే విసిరేది.

ఒకసారి సంచి సరాసరి ఒక దొరసాని ఒళ్లో పడిందట. అందులోని రొయ్యల తొక్కలు ఆమెను గుర్తుపట్టి పలకరించాయని తాత అంటాడు.

ఎల్లమ్మ రోజూ ఊడ్చింది, కడిగింది, ముగ్గేసింది. ముగ్గు మీద చెత్త వేయాలంటే ఎంతటివాడికైనా చెయ్యి జంకుతుంది. మలుపు బాగుపడింది.

మున్సిపల్ ఆఫీసాయన వచ్చి చూశాడు. మెచ్చుకోలేదు.

“మళ్ల గీడ చెత్త కనబడితే నీ గిరాకోళ్లదే అని రాస్త. బండి లేపుత.”

ఎల్లమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి పొయ్యి మీదే.

సరిగ్గా అప్పుడు సినిమావాళ్లు దిగారు.

మేనేజర్ రఘునందన్ మలుపు చూసి నెత్తి పట్టుకున్నాడు.

“ఇదేంటండీ? లొకేషన్ చూసినప్పుడు బ్రహ్మాండమైన చెత్త ఉండేది. ఎవరు తీసేశారు?”

“నేనే తీసిన సారూ,” అంది ఎల్లమ్మ గర్వంగా.

గంటలో లారీ వచ్చింది. లారీ నిండా చెత్త. కుళ్లిన వంకాయలు, డైపర్లు, పగిలిన సీసాలు. అంతా ఆమె ముగ్గు మీదే గుమ్మరించారు.

ఇక్కడ పోచయ్య ఒక తిట్టు తిట్టాడు. అది అచ్చుకెక్కేది కాదు.

హీరో వచ్చాడు. చీపురు పట్టి కెమెరా వైపు తిరిగాడు.

“మన వీధి చెత్త మనమే ఎత్తుకోవాలి.”

గుంపులో నిలబడ్డ పోచయ్య చప్పట్లు కొట్టాడు.

టేకు కుదరలేదు. ఊడ్చిన చెత్తను మళ్లీ చల్లారు. మళ్లీ ఎత్తుకోవాలన్నాడు. మళ్లీ చప్పట్లు.

సాయంత్రానికి పేకప్. హీరో కారు వెళ్లిపోయింది. యూనిట్ తిన్న ప్లేట్లు కూడా కుప్ప మీదికే చేరాయి.

“సారూ, మీ చెత్త మీరు తీస్కపోండ్రి,” అంది ఎల్లమ్మ.

“మాది కాదమ్మా, సీనుది. సీను అయిపోయింది.”

“రేపు ఆఫీసాయనొస్తడు. నా బండి పోతది సారూ.”

“పర్మిషన్‌కి కట్టామమ్మా. ఎవరో వచ్చి ఎత్తుకుంటారులే.” రఘునందన్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

ఎల్లమ్మ చేతిలోని గరిటెతో, బయల్దేరబోతున్న ఖాళీ లారీ డోరు మీద ఒక్కటిచ్చింది.

“మరి మీ హీరో గింతసేపు ఏం చెప్పిండు?”

“అది డైలాగమ్మా.”

అప్పుడు పోచయ్య గుంపులోంచి వచ్చి లారీ ముందు రోడ్డుకు అడ్డంగా పడుకున్నాడు.

ఆటో నడుపుతూ శ్రీకాంత్ పకపకా నవ్వాడు. “నలభైసార్లు చచ్చినోనివి. నీకు ఒకరు నేర్పాల్నా?”

“నలభై ఏందిరా, ఒక్కసారే. అది గూడ మొకం మీద గుడ్డ కప్పిండ్రు.” తాత కూడా నవ్వేశాడు. “నా పెండ్లమే గుర్తుపట్టలే.”

“సరే, తర్వాత?”

“లే పెద్దాయనా అంటడు మేనేజర్. చచ్చినోడు లేస్తడా? చెవుల కాడ హారన్ కొట్టిండ్రు. కన్ను తెరిస్తె ఒట్టు.”

తాత గొంతులోంచి నవ్వు జారిపోయింది.

“ఎల్లమ్మ మొత్తుకుంటనే ఉన్నది. ఆఖరికి నలుగురొచ్చి ఎత్తిండ్రు, శ్రీకాంత్. గంపలకు గంపలు. చిటికెడు మిగల్చకుండ చెత్తంత లారీకెక్కించిండ్రు.”

“గట్లుండాలె.” శ్రీకాంత్ ఊరికే హారన్ దంచాడు. “ఇయ్యాల నాలుగు ఇడ్లీలు ఎక్కువ తింట, ఆమె పేరు మీద.”

పోచయ్య మూటను ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

ఆటో మూలుగుతూ ఎత్తు ఎక్కింది. మలుపు కన్నా ముందు వాసన వచ్చింది.

శ్రీకాంత్ బ్రేకు వేశాడు.

కుప్ప రోడ్డు సగం దాకా పాకి ఉంది. బండి ఉండే చోట కుక్కలు సంచులు చింపుతున్నాయి.

“తాతా, ఎల్లమ్మేది?”

“తెల్లారే బండి లేపిండ్రు.”

“మరి నలుగురొచ్చి ఎత్తిండ్రంటివి?”

పోచయ్య కుప్ప వైపు చూడలేదు.

“నలుగురొచ్చి ఎత్తింది నిజమే, నన్ను. చెత్తను ఎత్తిండ్రన్నదే నేను కల్పించిన.”