జింకలు లేచే వేళ

"ఆగు బాబూ, నీళ్లు చల్లకు!"

గైడు చేతిలో సీసా గాల్లోనే ఆగిపోయింది.

గుహలో బండ మీద వేల ఏళ్ల నాడు గీసిన ఎర్రజింకల బొమ్మలు. బాగా మాసిపోయాయి. నీళ్లు చల్లితే ఒక్క నిమిషం నిగనిగలాడతాయి, వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుంటారు. ఆరేళ్లుగా గైడు చేస్తున్నది అదే.

"చల్లినప్పుడల్లా కాస్త రంగు పోతుంది," అన్నాడు టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన ఓ పెద్దాయన. "నాలుగింటిదాకా ఓపిక పట్టండి. వాటంతట అవే లేస్తాయి."

"కాఫీ ఇచ్చి లేపుతారా?" అన్నాడు గైడు. ఎవరూ నవ్వలేదు.

నాలుగింటికి ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చింది. జింకలు ఒక్కొక్కటే పైకి తేలాయి. తల్లి పొట్ట కింద ఓ పిల్ల కూడా ఉంది. ఆరేళ్లలో గైడు దాన్ని ఎన్నడూ చూడలేదు.

జనం పెద్దాయన చుట్టూ మూగారు. గైడుకి ఒళ్లు మండింది.

ఆపై ప్రతి ఆదివారం అదే తంతు.

"తాతగారు వచ్చారా?" అని గేటు దగ్గరే అడిగేవారు. ఆయనకు చెవులు సరిగా వినపడవు. అయినా అరిచి మరీ ఆయన్నే అడిగేవారు. యూనిఫాం వేసుకుని మైకు పట్టుకుని నిలబడ్డ గైడుని పలకరించే నాథుడు లేడు.

"నా పొట్ట కొట్టడానికే వస్తున్నాడు," అన్నాడు భార్యతో. ఉద్యోగం పర్మినెంటు చేసే కాగితం ఇంకా ఆఫీసులోనే ఉంది మరి.

"పోనీలెండి, పెద్దాయన. మీకు మాత్రం ఏం పోయింది?" అందామె.

అదీ ఓర్చుకున్నాడు. కానీ బడి పిల్లలతో కలిసి గుహ చూసొచ్చిన సొంత కూతురు, "నాన్నా, నువ్వూ ఆ తాతయ్యలా చెప్పొచ్చుగా?" అనేసరికి కడుపు రగిలిపోయింది.

మర్నాడే ఫిర్యాదు రాశాడు. లైసెన్సు లేకుండా జనాన్ని పోగేస్తున్నాడని, బొమ్మల మీద చేతులు వేస్తున్నాడని. మొదటిది నిజం. రెండోది ఉత్త కుళ్లు.

ఆదివారం గేటు దగ్గర ఆఫీసు ఉత్తర్వు చూపించాడు. పెద్దాయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"నేను చెయ్యి వేశానా బాబూ?"

గైడు ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే, రానులే. నువ్వు మాత్రం నీళ్లు చల్లకు."

ఆయన వెళ్లిపోయాక గైడుకి ప్రాణం హాయిగా ఉంది. ఆ సాయంత్రం నాలుగింటి ఎండని తనే చూపించి, చప్పట్లు కొట్టించుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఒకావిడ గుహలోకి వచ్చింది.

"ఆదివారాలు ఇక్కడికి వచ్చే పెద్దాయన తెలుసా? మా నాన్న. పోయి పదిరోజులైంది. మంచాన పడ్డాక కూడా ఇక్కడికి తీసుకెళ్లమనేవారు. మళ్లీ తనే, 'వద్దులే, రానివ్వరు' అనేవారు."

గైడు చేతిలో మైకు కింద పెట్టాడు.

"ఆయన... మాస్టారా అమ్మా? అన్నీ అంత బాగా చెప్పేవారు."

"మాస్టారేంటండీ, నాలుగో క్లాసు చదివారు. క్వారీలో రాళ్లు పేల్చే పని. ఆ పని కూడా వీటివల్లే పోయింది," అందామె జింకల వైపు చూస్తూ. "ఈ బండకి మందు కూరి, వత్తి వెలిగించబోతూ వీటిని చూసి, వెలిగించనంటే వెలిగించనని ఆఫీసర్లు వచ్చేదాకా మూడు రోజులు దీని కిందే కూర్చున్నది ఆయనే."