ఏడు పిట్టలు, ఏడు పాటలు

రెల్లుగడ్డి మడుగులో ఒక కట్టుబాటు ఉండేది. ఏటా వసంతంలో ఒక పొద్దున ప్రతి జట్టూ ఒక్కసారి గొంతెత్తాలి. ఆవలి గట్టున కూర్చున్న తాబేలుకు ఏ జట్టు గొంతు వినబడితే దానికే మడుగు మీదికి ఒరిగిన చెట్టు మీద చోటు. మడుగు సంగతులన్నీ తేలేది అక్కడే.

తేనెపిట్టలు ఏడే మిగిలాయి. వాటిలో పెద్దది మంకెనవ్వ. డేగ ఏలిన రోజుల్లో అందరూ నోరు మెదపడానికి జంకుతుంటే, మొదట పాడింది అవ్వ జట్టే. ఆ పొద్దున మడుగంతా గొంతు కలిపితే డేగ పత్తా లేకుండా పోయింది. అది తలుచుకుంటే అవ్వకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

"అవ్వా, మాతో కలిసి బెకబెకమనండి. కొమ్మ చివర చోటిస్తాం" అన్నాడు కప్పల పెద్ద.

"మా పాట మాకుంది నాయనా" అంది అవ్వ.

తీరా ఈ ఏడు గొంతెత్తాల్సిన పొద్దున, ఏ పాట పాడాలో తేల్చుకోవడానికి పిట్టలు కూర్చున్నాయి. ఎవరి మాటా తోసిపుచ్చకూడదన్నది ఆ జట్టు ఆనవాయితీ. ఏడు పిట్టలూ ఏడు పాటలు చెప్పాయి. అన్నీ వినేసరికి పొద్దెక్కింది, తాబేలు లేచి వెళ్లిపోయింది.

చెట్టెక్కిన కప్పలు మొదటి రోజే చాటించాయి: "ఇకమీదట మడుగులో బెకబెక తప్ప ఇంకో గొంతు వినబడకూడదు!"

కొంగలు తల దించుకున్నాయి. చేపలు అడుక్కి జారుకున్నాయి. ఆ నిశ్శబ్దం అవ్వకు కొత్త కాదు. డేగ నాటిదే.

మంకెనవ్వ గొంతు సవరించుకుంది. మిగతా ఆరూ వచ్చి పక్కన వాలాయి. ఏ పాట అని ఈసారి ఎవరూ అడగలేదు.